రాప్టర్ 700కి ఏ సైలెన్సర్ వేయాలి? ఫుల్ సిస్టమా, స్లిప్-ఆనా?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అరిజోనాలోని చాండ్లర్‌లో ఉంటున్నావు. సెకండ్ హ్యాండ్‌లో యమహా రాప్టర్ 700ఆర్ కొన్నావు, మట్టి దారుల్లో తిప్పే నాలుగు చక్రాల ఏటీవీ బండి. శని, ఆదివారాలు టాంటో అడవి వైపు దారుల్లో, చలికాలంలో ఒకసారి కాలిఫోర్నియాలోని గ్లామిస్ ఇసుక తిన్నెల మీద తిప్పుతున్నావు. పై స్పీడులో బండి ఊపిరాడనట్టు ఉంటోంది, థ్రాటిల్ మీద బొటనవేలు తీస్తే వెనక పటపటమంటోంది. చేతిలో 700 డాలర్లున్నాయి. ఏ లోహం మంచిదని కూడా అడిగావు, ఆన్‌లైన్‌లో చూసిన ఒక పాత ఫుల్ సిస్టమ్ లింకు పెట్టావు. యమహావాళ్ళ పాత ఏటీవీ బాన్షీ నడిపే మీ ఫ్రెండేమో "ఓపెన్ పైపు వేసెయ్, బండి లేచిపోతుంది" అంటున్నాడు.

ముందు సమాధానం, తర్వాత కారణాలు. ఇంజన్ నుంచి సైలెన్సర్ దాకా వచ్చే కంపెనీ బెండు పైపు ఉన్నది ఉన్నట్టే ఉంచు. స్పార్క్ అరెస్టర్ ఉన్న, శబ్దం తక్కువ చేసే స్లిప్-ఆన్ సైలెన్సర్ ఒకటి వేయి, అంటే వెనక డబ్బా ఒక్కటే మార్చు. బెండు పైపుతో సహా అంతా మార్చేది ఫుల్ సిస్టమ్, అది వద్దు. మిగిలిన డబ్బు పెట్రోల్ సర్దుబాటుకి ఖర్చుపెట్టు. అయితే ఇవేవీ కొనకముందు ఒక పని చేయాలి, దానికి పైసా ఖర్చు లేదు.

బండి పూర్తిగా చల్లారాక వెనక్కి వెళ్ళి కూర్చో. సైలెన్సర్ చివర చిన్న బోల్టులతో బిగించిన తోక గొట్టం ఉంటుంది. ఆ బోల్టులు విప్పి గొట్టాన్ని బయటికి లాగు. దాని మీద ఇనుప జల్లెడ కనిపిస్తుంది. అదే స్పార్క్ అరెస్టర్. ఇంజన్ నుంచి వచ్చే మసి నిప్పురవ్వలు బయటపడకుండా పట్టుకునేది అదే. పోయినేడాది మా షాపుకి ఒకాయన అచ్చం నీ కంప్లయింటుతోనే రాప్టర్ తెచ్చాడు. కొత్త ఫుల్ సిస్టమ్‌కి ఆర్డర్ ఇవ్వడానికి కార్డు కూడా తీసి పట్టుకున్నాడు. ఒక్క పది నిమిషాలు ఆగమని ఆ జల్లెడ తీశాను. ఏళ్ళ తరబడి కడగని టీ వడపోతలా ఉంది. నల్లటి జిడ్డు మసి గట్టిపడి కన్నాలు సగానికి పైగా మూసుకుపోయాయి. వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే అక్కడక్కడా చుక్కలు తప్ప ఏమీ కనపడలేదు. వైర్ బ్రష్‌తో రుద్ది, గొట్టాన్ని చెక్క మీద మెల్లగా తట్టి, గాలి కొట్టి మళ్ళీ బిగించాను. ఆయన షాపు వెనక ఖాళీ స్థలంలో ఒక రౌండు వేసి వచ్చి కార్డు జేబులో పెట్టుకున్నాడు. సెకండ్ హ్యాండ్ బండిలో ఈ జల్లెడని పాత ఓనరు ఎప్పుడైనా చూశాడన్న నమ్మకం ఏమీ పెట్టుకోకు. రుద్దేటప్పుడు జల్లెడ ఎక్కడైనా చిరిగినట్టు కనపడితే అతుకులు వేయొద్దు, కొత్తది వేయి.

రెండోది ఆ పటపట. అందరూ వెంటనే "పెట్రోల్ తక్కువవుతోంది, ట్యూనింగ్ చేయించు" అంటారు. నిజమే కావచ్చు. కానీ బెండు పైపు ఇంజన్‌కి తగిలే చోట గానీ, సైలెన్సర్‌తో కలిసే చోట గానీ గాస్కెట్ (అతుకు లీకవకుండా మధ్యలో వేసే రింగు) పోయినా ఇదే శబ్దం వస్తుంది. థ్రాటిల్ వదిలినప్పుడు పైపులో కాలని పెట్రోల్ ఆవిరి కాస్త మిగులుతుంది. అతుకులోంచి బయటి గాలి లోపలికి చొరబడితే ఆ ఆవిరి పైపులోనే అంటుకుని పేలుతుంది. అతుకుల చుట్టూ టార్చ్ వేసి చూడు. లీకు ఉంటే అక్కడ ఈకలా పరుచుకున్న నల్లటి మసి మరక ఉంటుంది. అది చాలకపోతే పొద్దున్నే చల్లటి బండి మీద అతుకు చుట్టూ సబ్బు నీళ్ళు పూసి స్టార్ట్ చెయ్యి, బుడగలు చెప్పేస్తాయి. గాస్కెట్ ఖర్చు కొద్ది డాలర్లే.

ఇప్పుడు మీ ఫ్రెండ్ సలహా సంగతి. అతను తన బండి గురించి చెప్పింది అక్షరాలా నిజం. అదే మాట నీ బండికి నప్పదు.

నేను పని నేర్చుకున్నది విజయవాడ ఆటోనగర్‌లో. చేతికి వచ్చినవి సగం ఆర్‌ఎక్స్ 100లే. ఆ టూ స్ట్రోక్ బళ్ళలో సైలెన్సర్ అంటే పొగ గొట్టం కాదు, ఇంజన్‌లో ఒక భాగం. మసి పట్టిన సైలెన్సర్‌ని కాల్చి దులిపి వేస్తే చాలు, కుర్రాళ్ళు కొత్త బండి అనేవాళ్ళు. టూ స్ట్రోక్‌లో ఎగ్జాస్ట్ కన్నం తెరిచి ఉండగానే కొత్త పెట్రోల్ గాలి సిలిండర్‌లోకి వస్తుంది. అందులో కొంత బయటికి జారిపోతుంది. మధ్యలో ఉబ్బి చివర సన్నబడే ఆ పైపు ఆకారం ఒత్తిడి అలని వెనక్కి తిప్పికొట్టి, జారిపోయినదాన్ని మళ్ళీ సిలిండర్‌లోకి తోస్తుంది. పైపు మారిస్తే ఇంజన్ స్వభావమే మారిపోతుంది. బాన్షీ కూడా అదే జాతి: 347 సీసీ, రెండు సిలిండర్ల టూ స్ట్రోక్. దాని ఇంజన్ యమహా ఆర్‌డి 350 ఎల్‌సి కుటుంబం నుంచి వచ్చింది, అంటే మన రాజ్‌దూత్ 350కి దాయాది అన్నమాట. అమెరికాలో 1987 నుంచి 2006 దాకా అమ్మారు. దానికి మంచి పైపులు వేస్తే నిజంగానే లేచిపోతుంది. నేను వేశాను, చూశాను.

నీ రాప్టర్ 686 సీసీ, ఒకే సిలిండర్, ఫోర్ స్ట్రోక్. ఇందులో తలుపు మూయడానికి వాల్వులున్నాయి. పైపు సాయం చేసేది కొద్ది క్షణం మాత్రమే, ఎగ్జాస్ట్ వాల్వు పూర్తిగా మూసుకోకముందే ఇన్‌టేక్ వాల్వు తెరుచుకునే ఆ సందులో. సినిమా వదిలినప్పుడు ఇరుకు గేటులోంచి జనం ఒక్క ఊపున బయటపడుతుంటే, ఆ ఊపుకి వెనకవాళ్ళు కూడా లాగబడతారు చూడు, ఇదీ అంతే. పొగ వేగంగా వెళ్తూ వెళ్తూ సిలిండర్‌లో మిగిలినదాన్ని లాగుతుంది, దాని వెనక కొత్త గాలి వస్తుంది. గేటు మరీ వెడల్పు చేస్తే జనం చెల్లాచెదురుగా నడుస్తారు, ఊపు పోతుంది. లావు బెండు పైపు వేస్తే తక్కువ ఆర్‌పీఎమ్‌లో జరిగేది ఇదే. "బండికి బ్యాక్ ప్రెషర్ కావాలి" అని చాలామంది చెప్పే మాట వెనక అసలు విషయం కూడా ఇదే. ఇంజన్‌కి అడ్డంకి అవసరం లేదు, పొగకి వేగం అవసరం.

సన్న, పొడుగు పైపు కింది, మధ్య స్పీడుల్లో లాగుడు ఇస్తుంది. లావు, పొట్టి పైపు పైన ఇస్తుంది. టాంటో వైపు నువ్వు తిరిగేది రాళ్ళ దారులు, వాగుల ఇసుక, ఎత్తుపల్లాలు. అక్కడ థ్రాటిల్ సగం దాటి ఎంతసేపు ఉంటుందో ఒకసారి గమనించు. రాప్టర్ లాంటి పెద్ద సింగిల్ సిలిండర్‌కి ఉన్న గొప్ప గుణమే కింది లాగుడు. లావు బెండు పైపుతో ఫుల్ సిస్టమ్ వేసి ఆ గుణాన్నే పాడుచేసుకున్నవాళ్ళని చాలామందిని చూశాను. పైన నాలుగు హార్స్‌పవర్ పెరిగిందని సంబరపడతారు. కానీ రాళ్ళ మధ్య మెల్లగా ఎక్కించాల్సిన చోట బండి తడబడి ఆగిపోతుంది.

స్లిప్-ఆన్ అంటే బెండు పైపు అదే ఉంచి వెనక డబ్బా ఒక్కటే మార్చడం. ఒక్క దానితోనే పవర్ అమాంతం పెరగదు, ఈ మాట ముందే చెప్తున్నా. బరువు కొంచెం తగ్గుతుంది, థ్రాటిల్‌కి స్పందన చురుగ్గా ఉంటుంది, పైన ఊపిరి కాస్త ఫ్రీ అవుతుంది. అడవి దారులకి ఇది సరిపోతుంది. హెచ్‌ఎమ్‌ఎఫ్, ఎఫ్‌ఎమ్‌ఎఫ్, యోషిమురా లాంటి పేరున్న కంపెనీలలో ఏది తీసుకున్నా తయారీలో పెద్ద తేడా ఉండదు. చూడాల్సినవి వేరే. నీ బండి తయారైన సంవత్సరానికి సరిపోతుందా? అమెరికా అటవీ శాఖ (ఫారెస్ట్ సర్వీస్) ఆమోదం ఉన్న స్పార్క్ అరెస్టర్ డబ్బాతోపాటే వస్తుందా, విడిగా కొనాలా? డెసిబెల్స్ ఎన్నో కంపెనీ రాసిందా? ఆ అంకె రాయని డబ్బా నేనైతే కొనను.

ఇక పెట్రోల్ సంగతి. ఈ బేరంలో సగం మంది మర్చిపోయేది ఇదే. పైపు ఎక్కువ పొగ వదిలితే ఇంజన్ ఎక్కువ గాలి పీలుస్తుంది. దానికి తగ్గ పెట్రోల్ కూడా అందాలి. ఎగ్జాస్ట్‌లో ఆక్సిజన్ సెన్సర్ లేని ఇంజెక్షన్ బండి తనంతట తాను అది కనిపెట్టలేదు. ఫ్యాక్టరీలో రాసిచ్చిన లెక్క ప్రకారమే పెట్రోల్ పోస్తూ ఉంటుంది. పొగ కాలుష్యం నియమాల కోసం ఆ లెక్క ముందే కొంచెం పొదుపుగా ఉంటుంది. ఇంకా పొదుపైతే ఇంజన్ వేడెక్కుతుంది, థ్రాటిల్ నొక్కగానే ఒక క్షణం తడబడుతుంది, ప్లగ్గు పింగాణీ సున్నం కొట్టినట్టు తెల్లగా అవుతుంది. గాలి ఫిల్టర్ ఉండే ఎయిర్ బాక్స్ మూత కూడా తీసేసి తిప్పితే మరీ ప్రమాదం. ఓపెన్ పైపు వేసి, మూత తీసి, పెట్రోల్ ముట్టుకోకుండా గ్లామిస్‌లో రోజంతా ఫుల్ థ్రాటిల్‌లో తిప్పిన బండి పిస్టన్ ఒకటి నా బల్ల మీద ఇంకా ఉంది. తల అంచు కొవ్వొత్తిలా కరిగింది.

అందుకే పవర్ కమాండర్ లాంటి ఫ్యూయల్ కంట్రోలర్ (పెట్రోల్ మోతాదు మార్చే చిన్న పెట్టె) తీసుకుని, వీలైతే పొగలో గాలి, పెట్రోల్ పాళ్ళు కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సర్ పెట్టి, పవర్ కొలిచే యంత్రం డైనో మీద సర్దించుకో. మామూలు పెట్రోల్ పూర్తిగా కాలడానికి ఒక వంతు పెట్రోల్‌కి బరువులో 14.7 వంతుల గాలి లెక్క. ఫుల్ థ్రాటిల్‌లో లాగేటప్పుడు సుమారు 13 దగ్గర ఉంటే ఇంజన్ హాయిగా ఉంటుంది. నా అనుభవంలో, కంపెనీ సైలెన్సర్‌తోనే ఉన్నా పెట్రోల్ సరిగ్గా సర్దిన రాప్టర్, ఖరీదైన పైపు వేసి సర్దకుండా వదిలేసిన రాప్టర్ కంటే బాగా నడుస్తుంది. 700 డాలర్లలో సుమారు 400 స్లిప్-ఆన్‌కి, మిగిలింది కంట్రోలర్‌కి. రెండూ కొత్తవి దొరక్కపోతే కంట్రోలర్ సెకండ్ హ్యాండ్‌లో చూడు, అది అరిగేది కాదు.

ఒక మాట, రాత్రిపూట నిలబెట్టి స్టార్ట్ చేసి ఉంచితే బెండు పైపు ఎర్రగా మెరవడం చూసి కంగారుపడకు. గాలి తగలక సన్నటి పైపు అలా ఎర్రబడటం మామూలే. నడుస్తున్నప్పుడు కూడా ఎర్రగానే ఉంటే అప్పుడు ఆలోచించాలి.

ఇప్పుడు నేను గట్టిగా పట్టుబట్టే విషయం, శబ్దం. అరిజోనాలో, కాలిఫోర్నియాలో ఇలాంటి బళ్ళకి పరిమితి 96 డెసిబెల్స్. కొలిచే పద్ధతి ఇది: సైలెన్సర్ మూతి నుంచి 20 అంగుళాల దూరంలో, మూతి ఎత్తులోనే, పక్కకి 45 డిగ్రీల కోణంలో మైకు పెడతారు. ఇంజన్‌ని గరిష్ఠ ఆర్‌పీఎమ్‌లో సగం దగ్గర నిలబెట్టి రీడింగ్ చూస్తారు. ఫోన్ యాప్‌తో నువ్వు ఇంట్లో కొలిస్తే అంకె అటూ ఇటూ అవుతుంది. అయినా పాత పైపుకీ కొత్త పైపుకీ తేడా మాత్రం తెలుస్తుంది. డెసిబెల్స్ కూడికల లెక్కలో పెరగవు, పది పెరిగితే చెవికి దాదాపు రెట్టింపు వినిపిస్తుంది. 96కీ 102కీ మధ్య ఆరేగా అనుకోకు, అది శక్తిలో నాలుగింతలు.

శబ్దం పెరిగితే పవర్ పెరిగిందనిపిస్తుంది. ఆ భ్రమ నాకూ ఉండేది, ఆటోనగర్‌లో శబ్దం తగ్గించే బాఫిల్ పీకేసిన ఆర్‌ఎక్స్ 100 మీద బెంజ్ సర్కిల్ దాకా వెళ్ళొచ్చిన ప్రతివాడికీ ఉండేది. ఇక్కడ దాని ఫలితం వేరు. దారుల పక్క ఇళ్ళవాళ్ళు, నడిచేవాళ్ళు, గుర్రాల మీద వచ్చేవాళ్ళు శబ్దం గురించే ఫిర్యాదు చేస్తారు. ఫిర్యాదులు పెరిగిన దారికి గేటు పడుతుంది. పడిన గేటు మళ్ళీ తెరుచుకోవడం నేను చాలా అరుదుగా చూశాను. మన పిల్లలు కూడా ఆ దారుల్లో తిరగాలి.

స్పార్క్ అరెస్టర్ లేకుండా అడవిలో అడుగు పెట్టకు. రేంజర్ ఆపితే సన్నటి కడ్డీ సైలెన్సర్‌లోకి దూర్చి చూస్తాడు. లోపల జల్లెడకి తగలకుండా కడ్డీ అలా వెళ్ళిపోతే టికెట్ రాస్తాడు. టికెట్ సంగతి అలా ఉంచు. 2020 జూన్‌లో టాంటో అడవిలో వచ్చిన బుష్ ఫైర్ నువ్వు అప్పటికి ఇక్కడికి వచ్చి ఉంటే గుర్తుండాలి. రోడ్డు పక్కన ఒక వాహనానికి అంటుకున్న మంటతో మొదలై లక్షా 93 వేల ఎకరాలకు పైగా కాలింది. ఆ ఎడారి మొక్కలు మంటకి అలవాటు పడినవి కావు. సగ్వారో జెముడు మొదటి 8 ఏళ్ళలో పెరిగేది ఒకటి, ఒకటిన్నర అంగుళం. చేతులు వేయడానికి యాభై ఏళ్ళు పైనే పడుతుంది. వాటి మధ్య ఇప్పుడు బయటి నుంచి వచ్చిన గడ్డి పెరిగి, ఎండాకాలానికి ఎండి తాటాకులా ఉంటోంది. ఆ కాలిన గుట్టల్లో నేను తర్వాత బండి ఆపి నడిచాను. నిలువునా మాడిన సగ్వారోలని చూశాక, జల్లెడ పీకేయమని అడిగేవాళ్ళ బండి నేను ముట్టుకోవడం మానేశాను. ఇంకోటి, ఎండు గడ్డి ఉన్న చోట బండి ఆపొద్దు. బెండు పైపు దగ్గర, బండి అడుగున ఉండే స్కిడ్ ప్లేటు సందుల్లో ఇరుక్కున్న గడ్డి ప్రతి ఆగుడుకీ కర్రతో లాగెయ్, చేత్తో కాదు.

బిగించేటప్పుడు జాగ్రత్త. స్లిప్-ఆన్ అయితే పెద్ద కష్టం లేదు. బెండు పైపు విప్పాల్సి వస్తే మాత్రం తొందరపడకు. నేను కొత్తలో ఒక బండికి తుప్పుపట్టిన నట్టుని బలంగా తిప్పాను. సిలిండర్ హెడ్‌లోని స్టడ్డు (తల లేని బోల్టు) తెగిపోయింది. అల్యూమినియం హెడ్‌లోంచి ఆ ముక్క బయటికి తీయడానికి రెండు రోజులు పట్టింది. ముందురోజు రాత్రే పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టి నాననివ్వు. తిరగకపోతే కాస్త బిగించి, కాస్త వదిలి, అలా ముందుకీ వెనక్కీ ఆడించు. తిరిగి వేసేటప్పుడు కొత్త గాస్కెట్, స్టడ్డుకి నట్టు పట్టేయకుండా యాంటీ-సీజ్ పేస్టు. మొదట నట్లన్నీ చేత్తో మాత్రమే వేసి, వెనక డబ్బా బ్రాకెట్ తన చోట తనంతట తాను కూర్చున్నాకే ముందు నుంచి వెనక్కి బిగించుకుంటూ రావాలి. పైపుని లాగి బలవంతంగా బోల్టు ఎక్కిస్తే కొన్ని నెలల్లో బ్రాకెట్ వెల్డింగ్ దగ్గర పగులుతుంది. మొదటి రైడ్ అయి చల్లారాక ఒకసారి మళ్ళీ బిగించు.

గ్లామిస్ ఒక్కటే నీ లోకమైతే నా సమాధానం మారేది. ఇసుకని తెడ్లలా తోసే ప్యాడిల్ టైర్లు వేసుకుని తిన్నె ఎక్కేటప్పుడు థ్రాటిల్ చివరిదాకా నొక్కే ఉంటుంది. అక్కడ పై స్పీడు పవర్‌కి నిజంగా పని ఉంటుంది. ఫుల్ సిస్టమ్, మంచి ఇన్‌టేక్, డైనో ట్యూనింగ్ మూడూ కలిపి చేయించుకుంటే డబ్బుకి తగ్గ ఫలితం ఉంటుంది. 96 నియమం అక్కడా ఉంది. ఏడాదికి ఒక్క ట్రిప్పు కోసం మిగతా యాభై వారాల బండిని పాడుచేసుకోవడం నాకైతే నచ్చదు.

లోహం గురించి అడిగావు. స్టెయిన్‌లెస్ తీసుకో. టైటానియం తేలికే, కానీ రెట్టింపు ఖర్చుకి దారుల్లో నీకు తేడా తెలియదు. కార్బన్ డబ్బా రాయికి తగిలితే బాగుచేయలేం. డబ్బా లోపల కన్నాల గొట్టం చుట్టూ పీచులా ప్యాకింగ్ ఉంటుంది. అది కాలి ఊడిపోతున్న కొద్దీ శబ్దం బొంగురుగా పెరుగుతుంది. అప్పుడు రివెట్లు డ్రిల్ చేసి తీసి, పాత పీచు పారేసి కొత్తది చుట్టాలి. ఒక మధ్యాహ్నం పని, నేర్చుకుంటే నువ్వే చేసుకోవచ్చు. ముక్కుకి మాస్క్, చేతులకి గ్లవుజులు తప్పనిసరి.

ఆన్‌లైన్‌లో 250 డాలర్లకి కనపడిందన్న ఆ పాత ఫుల్ సిస్టమ్ లింకు చూశాను. ఫొటోలో డబ్బా వెనక మూతి దగ్గర జల్లెడ లేదు, బ్రాకెట్ దగ్గర వెల్డింగ్ మీద మళ్ళీ వెల్డింగ్ ఉంది. అది వదిలెయ్. ఈ శనివారం జల్లెడ శుభ్రం చేసి, అతుకులు చూసి, ఒక రైడ్ అయ్యాక ప్లగ్గు విప్పి పగటి వెలుతురులో ఫొటో తీసి ఇక్కడ పెట్టు. బెండు పైపు మీద సెన్సర్ వైరు ఏదైనా ఉందో లేదో కూడా చూసి రాయి. అవి రెండూ చూశాక ఏ కంట్రోలర్ తీసుకోవాలో చెప్తాను.